చంటిబిడ్డకు ఏ చుక్కలు? డి విటమిన్, ఐరన్, మల్టీవిటమిన్: ఏది, ఎప్పుడు, ఎంత

మందుల షాపులో చంటిపిల్లల అర దగ్గర నిలబడితే మూడు రకాల చిన్న సీసాలు పక్కపక్కనే కనిపిస్తాయి: డి విటమిన్, ఐరన్, మల్టీవిటమిన్. మూడూ అరచేతిలో ఇమిడేవే, మూడింటికీ డ్రాపర్ ఉంటుంది, ధరలోనూ పెద్ద తేడా ఉండదు. పక్కింటివాళ్ళ పాపకు మల్టీవిటమిన్ రాశారని, మేనత్త కొడుక్కి ఐరన్ రాశారని, మనవాడికి ఒక్క డి మాత్రమే రాశారని ఇంట్లో సందేహం మొదలవుతుంది. చివరికి మూడూ కొనేస్తారు. లేదంటే "మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివి" అని అమ్మమ్మ అనగానే మూడూ మానేస్తారు.

మా మాట ముందే చెప్పేస్తాం. డి విటమిన్ దాదాపు ప్రతి పసిబిడ్డకూ కావాలి. ఐరన్ పుట్టినప్పటి బరువు, వయసు, తాగే పాలు చూసి ఇవ్వాలి. మల్టీవిటమిన్ ఆరోగ్యంగా ఉన్న చాలామంది పిల్లలకు అక్కర్లేదు. ఏ కంపెనీది కొనాలన్నది ఆ తర్వాతి మాట. అసలు పొరపాట్లు జరిగేది కంపెనీ దగ్గర కాదు, ఒక మి.లీ.లో మందు ఎంతుందో చూడకపోవడం దగ్గర.

## సీసా కొనకముందు ఐదు ప్రశ్నలు

నెలలు నిండి పుట్టిందా, ఎంత బరువుతో పుట్టింది? కడుపులో ఉన్నప్పుడు చివరి మూడు నెలల్లోనే బిడ్డ తల్లి నుంచి ఐరన్ ఎక్కువగా దాచుకుంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డకు ఆ నిల్వ తక్కువ. పైగా వాళ్ళు పుట్టాక వేగంగా పెరుగుతారు, కాబట్టి ఉన్నది తొందరగా అయిపోతుంది. కాన్పు సమయంలో బొడ్డుతాడును ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కత్తిరిస్తే మాయలోని రక్తం ఇంకొంత బిడ్డకు చేరి నిల్వ పెరుగుతుంది.

ఏ పాలు తాగుతోంది? తల్లిపాలకు సాటి లేదు, కానీ వాటిలో డి విటమిన్ చాలా తక్కువ. ఐరన్ కూడా లీటరుకు అర మి.గ్రా. లోపే. అందులో ఉన్న ఐరన్ బిడ్డ ఒంటికి బాగా పడుతుంది కాబట్టి మొదటి నాలుగు నుంచి ఆరు నెలలు పుట్టుకతో వచ్చిన నిల్వతో కలిపి సరిపోతుంది. డబ్బా పాలపొడిలో డి, ఐరన్ రెండూ కలిపే ఉంటాయి. గేదెపాలు, ఆవుపాలు ఏడాదిలోపు ప్రధాన ఆహారంగా పట్టడం ఐరన్ లోటుకు దగ్గరి దారి. వాటిలో ఐరన్ దాదాపు ఉండదు, ఉన్నది ఒంటికి పట్టదు, కొందరు పిల్లల్లో పేగు నుంచి కంటికి కనపడనంతగా రక్తం కూడా పోతుంది.

వయసెంత? డి విటమిన్ పుట్టిన మొదటి రోజుల నుంచే. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఐరన్ మాట నాలుగో నెల దాటాకే వస్తుంది.

తల్లి ఏం తింటోంది? పాలు, పెరుగు కూడా అంతంతమాత్రంగా తినే శాకాహారి అయితే, పైగా కాన్పయ్యాక బాలింత పథ్యం పేరుతో నెలల తరబడి కారప్పొడి, చారన్నంతో సరిపెడుతుంటే, బి12 గురించి ఆలోచించాలి.

ఇప్పటికే ఏమేం పోస్తున్నారు? ఈ ప్రశ్నే అందరూ మర్చిపోతారు. డాక్టరు రాసిన డి చుక్కలు, షాపువాడు ఇచ్చిన మల్టీవిటమిన్, ఎవరో తెచ్చిన కాల్షియం సిరప్, ఈ మూడింటిలోనూ డి ఉండొచ్చు. కలిపి లెక్కేయాలి.

## సీసా మీద చదవాల్సింది ఒక్క లైనే

డబ్బా ముందువైపు పేరు, పండ్ల బొమ్మలు వదిలేయండి. పక్కకు తిప్పితే "ప్రతి 1 మి.లీ.లో" అని మొదలయ్యే లైను ఉంటుంది. అక్కడ రెండు సంగతులు.

డి విటమిన్‌ను ఐయూలలో (అంతర్జాతీయ యూనిట్లలో) కొలుస్తారు. కొన్ని సీసాల మీద మైక్రోగ్రాములు రాస్తారు. 1 మైక్రోగ్రాము అంటే 40 ఐయూ, కాబట్టి 10 మైక్రోగ్రాములంటే 400 ఐయూ.

ఐరన్‌కు వచ్చేసరికి చూడాల్సింది "ఎలిమెంటల్ ఐరన్" ఎంత అని. ఫెర్రస్ సల్ఫేటు, ఫెర్రస్ ఫ్యుమరేటు, ఫెర్రస్ ఆస్కార్బేటు అన్నవి ఐరన్ లవణాల పేర్లు. ఆ లవణం బరువులో కొంత భాగమే ఐరన్. ఫ్యుమరేటులో సుమారు 33 శాతం, మామూలు ఫెర్రస్ సల్ఫేటులో సుమారు 20 శాతం. "50 మి.గ్రా." అని పెద్ద అక్షరాలతో ఉన్నది లవణమా, అసలు ఐరనా అన్నది చూడకపోతే లెక్క ఐదింతలు తప్పొచ్చు. డాక్టర్లు చెప్పే మోతాదులన్నీ ఎలిమెంటల్ ఐరన్‌లోనే. ఈ వ్యాసంలో ఐరన్ అన్నచోటల్లా అదే అర్థం.

ఇంకో మాట: మి.గ్రా., మి.లీ. ఒకటి కావు. చీటీ మీద "5 మి.గ్రా." అని ఉంటే అయిదు మి.లీ. పోసిన ఇళ్ళు ఉన్నాయి. డాక్టరు దగ్గర లేవకముందే "ఈ సీసాలో ఎన్ని మి.లీ., డాక్టరుగారూ?" అని అడిగి, ఆ అంకె డబ్బా మీద పెన్నుతో రాసుకోండి.

## డి విటమిన్: ఏ రూపంలో?

లక్ష్యం సులువు. రోజుకు 400 ఐయూ, పుట్టిన కొద్ది రోజుల నుంచి ఏడాది నిండేదాకా. మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేదీ, అమెరికాలో చెప్పేదీ ఇదే. నెలలు నిండని బిడ్డకు డాక్టరు 800 దాకా రాయొచ్చు. పైహద్దు మొదటి ఆరు నెలల్లో రోజుకు 1000 ఐయూ, తర్వాతి ఆరు నెలల్లో 1500.

| రూపం | 400 ఐయూకి ఎంత | మేలు | జాగ్రత్త |
|---|---|---|---|
| మి.లీ.కి 400 ఐయూ చుక్కలు | 1 మి.లీ. | లెక్క తేలిక, ఏ షాపులోనైనా దొరుకుతాయి | మొదటి వారాల్లో 1 మి.లీ. మింగడం కొందరికి కష్టం, 15 మి.లీ. సీసా 15 రోజులకే అయిపోతుంది |
| మి.లీ.కి 800 ఐయూ చుక్కలు | 0.5 మి.లీ. | తక్కువ పోస్తే చాలు, 30 మి.లీ. సీసా రెండు నెలలు వస్తుంది | పాత అలవాటుతో డ్రాపర్ నిండా పోస్తే రెట్టింపు |
| ఒక్క చుక్కలో 400 ఐయూ (విదేశాల్లో ఎక్కువ) | 1 చుక్క | తల్లి చనుమొన మీద వేసి పట్టించవచ్చు | రెండు చుక్కలు జారితే 800, డ్రాపర్‌తో పోశారంటే చాలా ప్రమాదం |
| మల్టీవిటమిన్ చుక్కలు | సీసాను బట్టి | వేరేవి కూడా కావాల్సిన బిడ్డకు ఒకే సీసా | కొన్నిటిలో డి 200 ఐయూ మాత్రమే, విడిగా డి కూడా పోస్తుంటే కలిపి లెక్కేయాలి |
| 60,000 ఐయూ పొడి ప్యాకెట్, చిన్న సీసా | పసిబిడ్డకు రోజువారీ వాడేది కాదు | లేదు | ఒక్క సీసా అంటే 150 రోజుల మోతాదు |

ఈ పట్టికలో చివరి వరుస దగ్గర కాసేపు ఆగాలి. 60,000 ఐయూ ద్రవం 5 మి.లీ. చిన్న సీసాలో వస్తుంది. పెద్దవాళ్ళు వారానికొకటి తాగేది. ఇంట్లో అమ్మకు అది, పాపకు చుక్కలు, రెండూ "డి3" అనే పేరుతోనే ఉంటాయి. పాప చుక్కలు అయిపోయిన రోజు "డి3 ఇవ్వండి" అని మందుల షాపుకు తమ్ముణ్ణి పంపితే ఏది చేతికొస్తుందో చెప్పలేం. ఆ చిన్న సీసాను రోజుకొకటి చొప్పున పదిరోజులు పోస్తే 6 లక్షల ఐయూ ఒంట్లోకి వెళ్తుంది. రక్తంలో కాల్షియం పెరిగి బిడ్డ పాలు మానేస్తుంది, వాంతులు, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం, మత్తు వస్తాయి, మూత్రపిండాల్లో కాల్షియం పేరుకుంటుంది. షాపుకు వెళ్ళేవాళ్ళ చేతికి పాత డబ్బా ఇచ్చి పంపండి, మాట మాత్రం చెప్పి పంపొద్దు.

మొదటి రెండు వరుసల్లో ఏది? మేమైతే మొదటి నెలల్లో 800 ఐయూ సీసాలో అర మి.లీ. వైపే మొగ్గుతాం, ఇంట్లో మందు పోసేది ఒక్కరే అయితే. తల్లి, అత్తగారు, ఆయా ముగ్గురూ వంతులవారీగా పోసే ఇంట్లో మి.లీ.కి 400 సీసాయే మేలు. ఎవరు పొరపాటున డ్రాపర్ నింపినా మోతాదు దాటదు.

ఎండ సరిపోదా? నలుగు పెట్టి, స్నానం చేయించి, సాంబ్రాణి వేసి, ఉదయం ఏడు గంటల లేత ఎండలో పడుకోబెట్టడం మంచి ఆచారమే. కానీ చర్మంలో డి తయారు చేసే అతినీలలోహిత బి కిరణాలు అంత పొద్దున్నే ఏటవాలుగా పడే ఎండలో చాలా తక్కువ. అవి బాగా ఉండేది సుమారు పది నుంచి మూడు దాకా. ఆ వేళ తెలుగు ఎండలో పసిబిడ్డను పడుకోబెట్టమని ఎవరూ చెప్పరు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో ఆ కిరణాలు అసలు రావు. ఎండ చూపించండి, చుక్కలు మాత్రం మానొద్దు.

డబ్బా పాలు రోజుకు లీటరు దాకా తాగే బిడ్డకు డి అందులోనే వచ్చేస్తుంది. కానీ మొదటి నెలల్లో ఏ బిడ్డా లీటరు తాగదు. సగం తల్లిపాలు, సగం డబ్బా పాలు తాగే బిడ్డకు చుక్కలు కొనసాగించడమే తేలిక.

మణికట్లు లావెక్కడం, కాళ్ళు వంగడం, ఆరేడు నెలలకు ఫిట్స్ రావడం, ఇవి డి లోటు ముదిరాక కనిపించే గుర్తులు. అక్కడ 400 ఐయూ చాలదు. ఏడాదిలోపు బిడ్డకు రికెట్స్ (డి లోటుతో ఎముకలు మెత్తబడే జబ్బు) చికిత్స మోతాదు రోజుకు 2000 ఐయూ, మూడు నెలలు, కాల్షియంతో కలిపి, డాక్టరు చేతిమీదుగా. దాన్ని చూసి పక్కింటి పాపకు కూడా 2000 పోయకూడదు.

## ఐరన్: ఇక్కడే అసలు తికమక

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తహీనత దేశం మొత్తంలో 67 శాతం, తెలంగాణలో 70, ఆంధ్రప్రదేశ్‌లో 63. అందుకే ఇక్కడ "ఇవ్వాలా వద్దా" అనే ప్రశ్న కన్నా "ఏ దారిలో ఇవ్వాలి" అన్నదే ఎక్కువ ఇళ్ళకు పనికొస్తుంది.

అయినా ఐరన్ డి లాంటిది కాదు, అందరికీ ఒకే కొలత పోయడానికి. ఒంట్లో ఐరన్ నిండుగా ఉన్న బిడ్డకు ఇంకా పోస్తే లాభం లేదు. స్వీడన్, హోండురాస్‌లలో తల్లిపాల పిల్లలపై జరిగిన పరిశోధనలో నిండుగా ఉన్నవాళ్ళకు అదనపు ఐరన్ ఇచ్చినప్పుడు పొడవు పెరుగుదల కాస్త తగ్గినట్టు కనిపించింది. లోటున్న బిడ్డకు ఇవ్వకపోతే మెదడు ఎదిగే కాలంలోనే దెబ్బ తగులుతుంది. రెండువైపులా నష్టం ఉంది కాబట్టే లెక్క చూసుకోమనేది.

ఎవరికి ఎప్పుడు

నెలలు నిండి, మంచి బరువుతో పుట్టి, తల్లిపాలే తాగే బిడ్డకు అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం నాలుగో నెల నుంచి కిలోకు 1 మి.గ్రా. చొప్పున రోజూ ఇవ్వమంటుంది, ఐరన్ ఉన్న ఆహారం మొదలై బాగా తినేదాకా. మన ప్రభుత్వ కార్యక్రమం ఆరో నెల నుంచి మొదలుపెడుతుంది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉంటే నాలుగో నెల వైపు మొగ్గడంలో అర్థం ఉంది. తల్లి మాత్రలు సరిగ్గా వేసుకుని, బిడ్డ బొడ్డుతాడు ఆగి కోసి, బరువు బాగా పెరుగుతుంటే ఆరు దాకా ఆగినా ఫర్వాలేదు. ఇది డాక్టరుతో అయిదు నిమిషాలు మాట్లాడి తేల్చుకోవాల్సింది.

నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు కిలోకు 2 మి.గ్రా., పరిస్థితిని బట్టి కొంచెం ఎక్కువ, రెండో వారం నుంచి రెండో నెల లోపు ఎప్పుడైనా మొదలుపెట్టి ఏడాది దాకా. ఇక్కడ ఆలస్యం చేయకూడదు, సొంతంగా మొదలుపెట్టకూడదు కూడా. రక్తం ఎక్కించిన బిడ్డకు ఐరన్ ఎప్పటి నుంచి అన్నది ఆసుపత్రి చెప్పాలి.

ఐరన్ కలిపిన డబ్బా పాలే తాగే బిడ్డకు విడిగా చుక్కలు అవసరం లేదు.

మూడు దారులు

*ఆశా కార్యకర్త ఇచ్చే సిరప్.* 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కింద ఆరు నెలల నుంచి 59 నెలల పిల్లలకు ఉచితం. 50 మి.లీ. సీసా, మి.లీ.కి 20 మి.గ్రా. ఐరన్, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. వారానికి రెండుసార్లు 1 మి.లీ. మూతకున్న అమరిక నొక్కితే 1 మి.లీ.యే వస్తుంది కాబట్టి కొలత తప్పే అవకాశం తక్కువ. పైసా ఖర్చు లేదు. ఇబ్బంది ఏమిటంటే వారంలో ఏ రోజు పోశామో మర్చిపోతారు. మంగళ, శుక్రవారాలని గోడ క్యాలెండర్ మీద గీసుకుంటే సరి.

*రోజువారీ చుక్కలు.* కొనుక్కోవాలి, బరువును బట్టి కొలవాలి, నెలనెలా బరువు పెరిగినప్పుడల్లా మోతాదు సరిచూడాలి. ఆరు నెలల లోపు మొదలుపెట్టాల్సిన బిడ్డకు, తక్కువ బరువు బిడ్డకు, చికిత్సకు ఇదే దారి.

*తిండి.* ఆరో నెల నుంచి తప్పనిసరి, కానీ మొదట్లో తినేదెంత? రెండు చెంచాల రాగిజావలో ఐరన్ లెక్కకు రాదు. రాగుల్లో ఐరన్ 100 గ్రాములకు నాలుగైదు మి.గ్రా. ఉన్నా, గింజల్లో ఉండే, ఐరన్‌ను పట్టి ఉంచే ఫైటేట్ల వల్ల ఒంటికి పట్టేది అందులో చిన్న భాగమే. మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పట్టించిన రాగిపిండిలో ఫైటేట్లు తగ్గుతాయి, ఆ శ్రమకు ఫలితం ఉంది. మాంసాహారం తినే ఇంట్లో మెత్తగా ఉడికించి నలిపిన మేక కార్జం, కోడిమాంసం వారానికి రెండు మూడుసార్లు పెడితే ఏ ఆకుకూరా దానికి సాటి రాదు. అంగన్‌వాడీ బాలామృతంలో ఐరన్, విటమిన్లు కలిపే ఉంటాయి. బిడ్డ వాటా బిడ్డే తింటే మంచి ఆధారం. ఇంటిల్లిపాదీ లడ్డూలు చుట్టుకుంటే కాదు.

మొదటి రెండు దారుల్లో ఎంతెంత అందుతుందో ఎనిమిది కిలోల బిడ్డకు లెక్కేసి చూడండి. ఆశా సిరప్‌తో వారానికి 40 మి.గ్రా. రోజువారీ చుక్కలతో కిలోకు 1 చొప్పున రోజుకు 8, వారానికి 56. పెద్ద తేడా లేదు. అంటే ఆరు నెలలు దాటిన మామూలు బిడ్డకు ఉచిత సిరప్ తక్కువ రకమేమీ కాదు. షాపులో కొన్నదే మంచిదన్న భ్రమతో దాన్ని పక్కన పడేయొద్దు. రెండూ కలిపి మాత్రం పోయకూడదు. ప్రైవేటు డాక్టరు చుక్కలు రాస్తే ఆశాకు చెప్పండి, ఆశా సీసా ఇస్తే డాక్టరుకు చూపించండి. మన ఊళ్ళలో ఈ రెండు చేతులకూ ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు.

ఏ లవణం?

| రకం | రుచి, కడుపు | ఎప్పుడు మేలు |
|---|---|---|
| ఫెర్రస్ సల్ఫేటు | లోహపు రుచి, పళ్ళకు మరక, కొందరికి మలబద్ధకం | చికిత్సకు బాగా రుజువైనది |
| ఫెర్రస్ ఆస్కార్బేటు | రుచి కాస్త నయం | మన దగ్గర ఎక్కువగా రాసేది, నివారణకూ చికిత్సకూ |
| ఐరన్ పాలీమాల్టోజ్ | తియ్యగా ఉంటుంది, మరక తక్కువ, పాలతో ఇచ్చినా ఇబ్బంది లేదు | మిగతావి పడని బిడ్డకు నివారణ మోతాదులో |

2017లో అమెరికాలో ఐరన్ లోటుతో రక్తహీనత ఉన్న 80 మంది చిన్నపిల్లల్లో ఫెర్రస్ సల్ఫేటును ఐరన్ పాలీశాకరైడ్ మందుతో పోల్చి చూస్తే, పన్నెండు వారాలకు హిమోగ్లోబిన్ సల్ఫేటు తీసుకున్నవాళ్ళలోనే ఎక్కువ పెరిగింది. రుచిగా ఉండే మందులన్నీ అంతే పని చేస్తాయని అనుకోవద్దు. నివారణకైతే బిడ్డ కక్కకుండా మింగేదే మంచి మందు. రక్తహీనత తేలాక మాత్రం ముందు ఫెర్రస్ రకమే.

మి.లీ. లెక్క

ఇక్కడ ఒక్కసారి పెన్ను పట్టుకోండి. ఐరన్ చుక్కలు కొన్ని మి.లీ.కి 10 మి.గ్రా., కొన్ని 25 మి.గ్రా. బిడ్డ బరువు 6.5 కిలోలు, నివారణ మోతాదు కిలోకు 1, కాబట్టి 6.5 మి.గ్రా. మొదటి సీసాలో అది 0.65 మి.లీ., రెండోదానిలో 0.26 మి.లీ. కంపెనీ మారిన నెలలో "ఎప్పటిలా 0.65 మి.లీ." అని పోస్తే రెండున్నర రెట్లు పడుతుంది. అదే 7.5 కిలోల బిడ్డకు చికిత్స మోతాదు కిలోకు 3 చొప్పున 22.5 మి.గ్రా., అంటే మొదటి సీసాతో 2.25 మి.లీ., రెండోదానితో 0.9. పసిబిడ్డకు రెండుంపావు మి.లీ. పోయడం యుద్ధమే, చికిత్సలో చిక్కటి సీసా నయం. నివారణలో పలుచటి సీసా నయం, ఎందుకంటే 0.26 మి.లీ.ని డ్రాపర్‌తో కొలవలేరు.

ఆరు నెలల నుంచి రెండేళ్ళ పిల్లల్లో రక్తహీనత అనడానికి హద్దు ఇంతకాలం డెసిలీటరు రక్తంలో 11 గ్రాముల హిమోగ్లోబిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఈ వయసుకు దాన్ని 10.5 చేసింది. రిపోర్టు మీద 10.8 చూసి హడావిడి పడేముందు ఇది గుర్తుంచుకోండి. చికిత్స మొదలైతే హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా రెండు మూడు నెలలు కొనసాగిస్తేనే నిల్వ నిండుతుంది.

## మల్టీవిటమిన్, మిగతావి

మల్టీవిటమిన్ చుక్కల సీసాల్లో చాలావాటిలో ఐరన్ ఉండదు. "అన్నీ ఉన్నాయి కదా" అని అది పోస్తూ ఐరన్ ఇస్తున్నామనుకునేవాళ్ళు చాలామంది. నెలలు నిండని బిడ్డకు, బరువు పెరగని బిడ్డకు, దీర్ఘకాలం జబ్బు పడిన బిడ్డకు దానికి చోటుంది. లేదంటే "ఆకలి పెరగడానికి", "లావెక్కడానికి" అని కొనేది డబ్బు దండగ.

విటమిన్ ఎ కోసం చుక్కలు కొనక్కర్లేదు. తొమ్మిదో నెలలో తట్టు-రుబెల్లా టీకాతో పాటు లక్ష ఐయూ నోట్లో పోస్తారు, తర్వాత ఆరు నెలలకోసారి రెండు లక్షలు, అయిదేళ్ళ దాకా. ఆ రోజు టీకా కార్డులో రాయించుకోండి. విటమిన్ కె పుట్టగానే సూదిగా ఇచ్చేస్తారు, ఇంట్లో కాన్పు అయితే మాత్రం ఇప్పించారా అని అడగాలి. జింక్ విరేచనాలప్పుడు 14 రోజులే: ఆరు నెలల లోపు రోజుకు 10 మి.గ్రా., పైబడితే 20. నెలలు నిండిన ఆరోగ్యమైన బిడ్డకు కాల్షియం సిరప్ అవసరం లేదు, పైగా ఐరన్‌తో కలిపి పోస్తే ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

బి12 దగ్గర మాత్రం జాగ్రత్త. తల్లికి లోటు ఉంటే ఆమె పాలల్లోనూ లోటే. ఆరేడు నెలలకు నవ్వడం, చూపు కలపడం నేర్చిన బిడ్డ మళ్ళీ మందకొడిగా మారడం, వేళ్ళ కణుపుల మీద చర్మం నల్లబడటం, జుట్టు పలచబడి రాగిరంగుకు తిరగడం, చేతులు వణకడం కనిపిస్తే చుక్కలతో కాలయాపన చేయకుండా ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ముందే కాపాడుకునే దారి తల్లికి చికిత్స చేయించడం.

## మీ ఇల్లు ఏ రకం?

*ఆరు నెలల లోపు, తల్లిపాలే, 3 కిలోలతో పుట్టింది:* డి ఒక్కటే. నాలుగో నెల టీకా చూపించుకునే రోజున ఐరన్ సంగతి అడగండి.

*తక్కువ బరువు, నెలలు నిండలేదు:* డి, ఐరన్ రెండూ, బహుశా మల్టీవిటమిన్ కూడా. ప్రతి బరువు కొలతకూ మోతాదు మార్చాలి.

*గేదెపాలు మొదలుపెట్టేశారు:* ముందు పాల సంగతి చూడండి. తల్లిపాలు తిరిగి పెంచడమో, డబ్బా పాలకు మారడమో. చుక్కలు ఆ లోటును పూర్తిగా పూడ్చలేవు.

*ఏజెన్సీ ప్రాంతం, లేదా ఇంట్లో తలసీమియా, సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త జబ్బులు) ఉన్నవాళ్ళు:* రక్తపరీక్ష లేకుండా ఐరన్ మొదలుపెట్టొద్దు. తలసీమియా మేజర్ బిడ్డ ఒంట్లో ఐరన్ ఇప్పటికే పేరుకుంటూ ఉంటుంది. మలేరియా జ్వరం, న్యుమోనియా, విరేచనాలు ఉన్న రోజుల్లో ఆశా సిరప్ కూడా ఆపి, తగ్గాక మళ్ళీ మొదలుపెడతారు. తీవ్రమైన పోషకలోపంతో ఉన్న బిడ్డకు ముందు ఆ చికిత్స.

*డల్లాస్‌లోనో, లండన్‌లోనో ఉన్నారు:* అమెరికాలో డి 400 ఐయూ, ఐరన్ 10 లేదా 11 మి.గ్రా. కలిసిన మల్టీవిటమిన్ చుక్కలు మామూలు. అది వాడుతుంటే విడి డి చుక్కలు ఆపాలా అని అడగండి. బ్రిటన్‌లో తల్లిపాల బిడ్డకు రోజుకు 8.5 నుంచి 10 మైక్రోగ్రాముల డి, రోజుకు 500 మి.లీ. మించి డబ్బా పాలు తాగితే అక్కర్లేదంటారు. ఊరి నుంచి వచ్చే అమ్మమ్మ సూట్‌కేసులో ఇక్కడి చుక్కలు వస్తే, ఆ డ్రాపర్ ఆ సీసాకే. ఒక్క చుక్కలో 400 ఉండే సీసాలో మన డ్రాపర్ ముంచి మి.లీ. తీస్తే పదివేల ఐయూ దాటుతుంది. 2010లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ డ్రాపర్ల వల్ల డి మోతాదు మించుతోందని హెచ్చరించింది.

## పోసే పద్ధతి

డ్రాపర్ కన్నా 1 మి.లీ. సూది లేని సిరంజి నమ్మకం. గీతలు స్పష్టంగా ఉంటాయి, షాపులో కొద్ది రూపాయలే. మందును సిరంజిలోకి లాగి, బుడగలు తట్టి బయటికి పంపి, గీత కంటి ఎత్తుకు తెచ్చి చూడండి. బిడ్డ తల కాస్త ఎత్తుగా ఒళ్ళో పెట్టుకుని, సిరంజి కొసను బుగ్గ లోపలివైపు ఆనించి, చుక్కచుక్కగా వదలండి. మింగాక మళ్ళీ. గొంతులోకి నేరుగా చిమ్మితే పొలమారుతుంది. ఏడుస్తున్నప్పుడు అసలొద్దు.

పాలసీసాలో కలపొద్దు. సీసా సగం వదిలేస్తే మందు సగం పోయినట్టే, డి నూనె మందు సీసా గోడలకు అంటుకుంటుంది.

ఐరన్ పాలు తాగిన వెంటనే కాకుండా, ఫీడుకు ఫీడుకు మధ్య ఇస్తే బాగా పడుతుంది. వాంతి చేసుకునే బిడ్డకు కాస్త పాలు పట్టాకే ఇచ్చినా ఫర్వాలేదు, అస్సలు ఇవ్వకపోవడం కన్నా నయం. పళ్ళు వచ్చాక ఐరన్ పోసిన వెంటనే తడి గుడ్డతో చిగుళ్ళు, పళ్ళు తుడవండి. ఆ మరక పైపైనే, పంటికి హాని లేదు. మలం నల్లగా లేదా ముదురు ఆకుపచ్చగా మారుతుంది, మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో ఉన్నా, ఎర్రగా రక్తపు చారలున్నా అది ఐరన్ వల్ల కాదు.

ఒక రోజు మర్చిపోతే మర్చిపోయినట్టే. మర్నాడు రెట్టింపు పోయొద్దు. సీసా మూత తీసిన తేదీ లేబుల్ మీద రాసుకుని, దాని మీద ఉన్న గడువు దాటాక మిగిలినా పారేయండి.

## ఐరన్ సీసా ఎక్కడ పెడుతున్నారు?

ఒక కిలో బరువుకు 20 మి.గ్రా. మించి ఐరన్ ఒకేసారి కడుపులోకి వెళ్తే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. 60 మించితే ప్రాణాపాయం. ఆశా ఇచ్చే నిండు సీసాలో వెయ్యి మి.గ్రా. ఉంటుంది. పది కిలోల బిడ్డ అంతా తాగేస్తే కిలోకు 100. పాప మందు తియ్యగా ఉందని ముందు బిడ్డ, రెండేళ్ళవాడు, మూత లాగి తాగడమే ఎక్కువగా జరిగేది. అందుకే డ్రెస్సింగ్ టేబుల్, టీవీ స్టాండు కాదు, చేయి అందని అలమరా, తాళం ఉంటే మరీ మంచిది.

తాగాడని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, సీసాను, మిగిలిన మందును వెంట పెట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఎన్ని మి.లీ. తగ్గిందో, బిడ్డ బరువెంతో చెప్పగలిగితే డాక్టరు పని సగం తేలికవుతుంది. కొన్ని గంటల వాంతుల తర్వాత బిడ్డ తేరుకుని ఆడుకుంటున్నట్టు కనిపిస్తుంది. అది చూసి ఇంటికి తెచ్చేయొద్దు. ఐరన్ విషం ఒక్కోసారి ఆ తెరిపి తర్వాతే గుండెనూ కాలేయాన్నీ పట్టుకుంటుంది. పరిశీలనలో ఉంచమన్నన్ని గంటలూ ఉంచాలి.